అడవిచేని మంచె

మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ మండలము అడవుల నడుమ నున్న సీమ. 2016వ సంవత్సరమునకు పూర్వ మిది వరంగల్లు జిల్లాలో చేరియుండెడిది. నర్సంపేట నుండి వచ్చు దారి, కాకతీయ గణపతిదేవుని కాలమున నిర్మింపబడిన పాకాల చెరువు చేరువగా సాగి ఈ అడవులలో ప్రవేశించును. ఇచ్చట కోయలు, లంబాడీలు తరతరములుగా వ్యవసాయము చేయుచున్నారు. గూడెములకును తండాలకును విద్యుద్దీపములు వచ్చినవి. కాని ఊరికి దూరముగ, అడవిని ఆనుకొనియున్న కొన్ని చేలకు తీగ లింకను చేరలేదు.

పంట చేతికి వచ్చు దినములలో రైతు చేనికే కాపురము మార్చును. భాద్రపదమున మొక్కజొన్న కంకి పాలు పోసికొన్నది మొదలు కార్తికమున వరికోత ముగియువరకు రాత్రులు మంచె మీదనే గడచును. నాలుగు గుంజలు పాతి, వానిపై వెదురు పరచి, పైన గడ్డి కప్పినచో మంచె యగును. చేను చక్కగా కనబడుటకే ఇంత యెత్తు అని చూచువారు తలంతురు. అంతకంటె ముఖ్యమైన కారణము కట్లపాము. అది రాత్రివేళ తిరుగుచు, నేలపై పరుండినవారిని నిద్రలోనే కరచును. కాటు నొప్పి చాలమారులు తెలియదు. తెలియునప్పటికి కనురెప్పలు వాలిపోవును, ఊపిరి బరువగును. విరుగుడు మందు వైద్యశాలలో దొరకునే గాని చేనిలో దొరకదు. అడవిదారిన రోగిని మోసికొని పోవుటకు పట్టు కాలమే ప్రాణమునకు గండము. కావుననే ఎంతటి అలసటలోనైనను అనుభవజ్ఞుడు మంచె దిగి పండుకొనడు.

ప్రొద్దు వాలకముందే పనులన్నియు ముగియవలెను. వాగు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని సొరకాయ బుర్రలో నింపి తెచ్చుకొందురు. బుర్రలో నీరు మధ్యాహ్నము వరకు చల్లగా నుండును. పూర్వము ఇప్పగింజల నూనెతో దీపము పెట్టెడివారు. పిమ్మట కిరసనాయిలు బుడ్డి వచ్చినది. ఇప్పుడు టార్చిలైటు, అక్కడక్కడ సౌరదీపము కనబడుచున్నవి. కాని కావలికి ప్రధానమైనది నెగడు. ఎండిన మొద్దు లొకదాని కొకటి ఆనించి నిప్పు రగిల్చినచో తెల్లవారువరకు మెల్లగా కాలుచుండును. మంట పైకి లేవనీయరు. వెలుగు చూచిన కన్ను చీకటికి మరల అలవాటుపడుటకు సుమారు అరగంట పట్టును. ఆ అరగంటలో చేను పోవచ్చును! అందుచేత టార్చిలైటునుగూడ చప్పుడు వినబడిన తరువాతనే వెలిగింతురు.

ఆ చప్పుడు సాధారణముగా అడవిపందులది. వానికి చూపు మందము, వాసన పట్టుటలో మాత్రము మిగుల నేర్పరులు. గాలి మంచె నుండి వానివైపు వీచినచో మనిషి వాసన సోకి వెనుదిరుగును. గాలి ఎదురైనప్పుడు మంద చేని నడుమకు వచ్చువరకు తెలియదు. తినుటకంటె త్రొక్కుట ఎక్కువ. మూడు నెలల శ్రమ ఒక్క జామున నేలపాలగును. రైతు డబ్బా మ్రోగించును, కేకలు వేయును, వడిసెలతో రాళ్లు విసరును. ప్రక్క మంచెవారు వారి డబ్బా మ్రోగింతురు. ఆ మ్రోత మంచె నుండి మంచెకు ప్రాకి, అడవి అంచంతయు మేల్కొనును. అడవిరాత్రి నిశ్శబ్దమని వర్ణించినవారు పంటకాలమున మంచె యెక్కియుండరు.

గడియారము లేనివారికి ఆకాశమే గడియారము. మబ్బులు విడిన కార్తికమున కృత్తికలు ప్రొద్దు గ్రుంకు వేళ తూర్పున పొడచూపి, నడిరాత్రి నడినెత్తికి వచ్చి, తెల్లవారుజామున పడమట వాలును. పల్లెలలో ఈ చుక్కలగుంపునకు పిల్లలకోడి యని పేరు. పిల్లలకోడి నడినెత్తి దాటినదనగా మొదటి కావలివాడు నిద్రకు ఒరగి, రెండవవానిని లేపును. ఆ మాసపు పున్నమినాడు చంద్రుడును కృత్తికల చెంతనే యుండును. మాసమునకు ఆ పేరు వచ్చుటకు అదియే కారణము.

తీగలు చేరకపోవుటకు కారణము లేకపోలేదు. అడవిలో స్తంభములు నాటుటకు అనుమతి కావలెను. గ్రామసభ సిఫారసు చేసినచో, హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టనవసరము లేనిచోట, హెక్టారునకు లోబడిన అటవీభూమిని విద్యుత్తు తీగలవంటి ప్రజాసౌకర్యములకు ఇయ్యవచ్చునని 2006 నాటి అటవీహక్కుల చట్టము చెప్పుచున్నది. ఇది ఊరికి ఉపకరించును గాని ఒంటరి మంచెకు ఉపకరించుట అరుదు. తీగ యున్నచోట మరియొక కీడు పుట్టినది. పందులను చంపుటకు చేని చుట్టు దొంగతనముగా విద్యుత్తు తీగ పరచువారున్నారు. అది నేరము. చీకటిలో ఆ తీగ తగిలి పశువులే గాక మనుష్యులును మరణించిన సంఘటనలు తెలంగాణములో పలుచోట్ల జరిగినవి. ప్రక్క చేనికి కావలి పోవుచున్న రైతునకు ఆ తీగ కనబడునా? ఈ విషయమున డబ్బామ్రోత ఎంతయో మేలు.

వేకువ వెలుగు పరచుకొనగానే రైతు మంచె దిగి గట్టు వెంబడి ఒక చుట్టు తిరుగును. పందులు పెళ్లగించినచోట నిలిచి, విరిగిన కర్రలను ప్రక్కకు లాగి, పనికివచ్చు కంకులను ఏరి ఒడిలో వేసికొనును. అప్పటికి ఇంటివారు గూడెము నుండి జావకుండతో బయలుదేరి వచ్చుచుందురు.