ఖాళీ రోడ్డుకేం భయం?

గుంతకల్లు దాటి ఏ దిక్కుకు పోయినా రోడ్డు తిన్నగా, చెట్టూపుట్టా అడ్డం లేకుండా సాగుతుంది. ప్రమాదాలంటే హైవేల మీదే, లారీల వల్లే అని మనవాళ్ల నమ్మకం. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ప్రాణాలు పోయింది గ్రామీణ ప్రాంతాల్లోనే. మొత్తం మృతుల్లో వందకు 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు.

"చేను దాకేగా, హెల్మెట్ ఎందుకు?" మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌కు చేను దారీ హైవే ఒకటే. వెనక కూర్చున్నవారూ పెట్టుకోవాలి. శ్రావణ శనివారాల్లో కసాపురం గుడి దారిలో చూడండి, హెల్మెట్ ట్యాంకు మీద, భారం ఆంజనేయస్వామి మీద! పెట్టుకున్నా పట్టీ బిగించకపోతే మనం పడేలోపే అది ఊడిపోతుంది. ఎండకు తల ఉడికిపోతుందన్న మాట నిజమే. లోపల పలుచని నూలుగుడ్డ కట్టుకుంటే చెమట పీలుస్తుంది.

అన్నిటికన్నా పాతుకుపోయిన అపోహ "ముందు బ్రేకు పట్టావంటే పల్టీ కొడతావు" అన్నది. బండి నేర్పేటప్పుడే కాలిబ్రేకు తొక్కమని చెప్పేస్తారు. నిజానికి బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. కాలిబ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కితే వెనక చక్రం బిగిసి జారుతుంది. తారు మీద రెండూ కలిపి, ముందుదాన్ని క్రమంగా బిగించాలి. పల్టీ భయం వట్టిదేం కాదు, ఒక్కసారిగా గుంజితేనో, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు పడితేనో జరిగేదే అది. మన దగ్గర మరో చిక్కుంది. కోతల కాలంలో కందికట్టె, కొర్రలు, జొన్నలు రోడ్డు మీదే ఆరబోస్తారు. గింజల మీద, కంకర మీద టైరుకు పట్టు దొరకదు. అక్కడ బ్రేకు కాదు, దానికి ముందే తగ్గించిన వేగమే దిక్కు.

"ఫుల్ లైటు వేస్తే అంతా కనబడుతుంది" అనేవారికి ఎదుటివాడి కళ్లు గుర్తుండవు. పైగా ఫుల్ లైటు ఉన్నా, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. వెనక ఎర్రదీపం లేని ట్రాలీ దారిలో నిలబడి ఉంటే, మన లైటు దానిమీద పడ్డాక మిగిలేది చాలా తక్కువ సమయమే. ఇక బళ్లారికి సాయంత్రం బయలుదేరితే సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు. ఎదుటి బండి మనకు కనబడదు. మన వెనక వచ్చే లారీవాడికి మనమూ సరిగ్గా కనబడం.

"పడినవాణ్ణి ముట్టుకుంటే కేసు మన మీదికొస్తుంది." అదే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు కూడా. 108కి ఫోన్ చేయండి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.