దూడ కుంటుటకు కారణము గిట్టయేనా?

పది దినముల వయస్సుగల లేగదూడ యొకటి ముంగాలు నేల మోపలేక కుంటుచున్నదనుకొందము. యజమాని మొదట దాని గిట్ట ఎత్తి చూచును. ముల్లు లేదు, మేకు లేదు, చీలిక లేదు. ఎక్కడనో బెణికియుండును, రెండు దినములలో సర్దుకొనునని తైలము రాచి ఊరకుండును. మూడవ దినమున మోకాలు వాచి, దూడ పాలు మాని పడుకొనును. అప్పుడు పశువైద్యుని పిలిచినను కీలు చాలవరకు చెడిపోయియుండవచ్చును. ఆ వ్యాధి గిట్టలో పుట్టలేదు, బొడ్డులో పుట్టినది.

కుంటుట వ్యాధి కాదు, వ్యాధి లక్షణము. మనకు జ్వరము వచ్చినప్పుడు కారణము నుదుట నుండదు గదా! అట్లే దూడ కుంటునప్పుడు కారణము గిట్టలో నుండవచ్చును. కీలులోనో, కండరములోనో, రక్తములోనో ఉండవచ్చును. మాంసమునకై పెంచు దూడల విషయమున ఈ తెలివిడి మరింత అవసరము. పాడి దూడవలె వానిని పూటపూటకు చేతితో తాకి చూచువారుండరు. అవి తల్లులతో బీళ్లలో తిరుగును. దూరమునుండి కనబడు మొదటి గుర్తు తరచుగ కుంటుటయే.

ఇట్టి పెంపకమునకు పేరొందిన దేశములలో బ్రెజిల్ ఒకటి. అచటి మాంసపు పశువులలో అధికభాగము మన ఒంగోలు జాతి సంతతియే. పందొమ్మిదవ శతాబ్దమునుండి ఓడలపై అచటికి చేరిన ఈ పశువులను ఆ దేశస్థులు ‘నెలోర్’ అందురు. నెల్లూరు పేరే అట్లు నిలిచినది. ఇచట సేద్యమునకు, అచట మాంసమునకు. ప్రయోజనము వేరైనను లేగదూడ శరీరధర్మ మొక్కటే.

గిట్ట నిర్మాణము

ఆవు పాదమున నేలనంటునవి రెండు వ్రేళ్లు. అవి మన చేతి మధ్యవ్రేలికి, ఉంగరపు వ్రేలికి సమానములు. ప్రతి వ్రేలిని కెరాటిన్ అను పదార్థముతో నేర్పడిన గట్టి తొడుగు కప్పియుండును. మన గోళ్లు, వెండ్రుకలు కూడ ఆ పదార్థముతో నేర్పడినవే. తొడుగు లోపల రక్తనాళములు, నాడులు నిండిన మెత్తని పొర కలదు. గట్టి పెట్టెవంటి ఆ తొడుగులో వాపునకు చోటు లేదు. అందువలన లోపల కొంచెము చీము చేరినను బాధ తీవ్రముగ నుండును.

అప్పుడే పుట్టిన దూడ గిట్టల అడుగున పసుపువన్నె మెత్తని కుచ్చులు కనబడును. తల్లి గర్భాశయము గీరుకొనకుండ ప్రకృతి చేసిన ఏర్పాటది. నడచిన కొలది అవి త్వరలోనే అరిగిపోవును. వానిని లోపమనుకొని కత్తిరింప నవసరము లేదు.

గిట్టలోనే పుట్టు వ్యాధులలో ముఖ్యమైనది గిట్టల కుళ్లు. బురదలో నానిన వ్రేళ్లసందు చర్మము రాయియో మోడో గీరుకొని చిట్లును. ఆ చీలికలో ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరం అను సూక్ష్మజీవి చేరును. ప్రాణవాయువు సోకని చోట పెరుగు జీవి యగుటచే అది లోతుగ చొచ్చుకొనిపోవును. పాదము రెండు ప్రక్కల సమముగ వాచును. వ్రేళ్లసందునుండి దుర్గంధము వచ్చును. పుండు శుభ్రపరచి, పశువైద్యునిచే సకాలమున మందు ఇప్పించినచో ఇది చాలవరకు త్వరగా నయమగును. గిట్ట చూచి గిట్టకే చికిత్స చేయదగిన సందర్భమిది. కాని అన్నియు నిట్టివి కావు.

బొడ్డునుండి మోకాలికి

గర్భమున నున్నంతకాలము తల్లి దూడల మధ్య రాకపోకలు బొడ్డుత్రాడు ద్వారా జరుగును. అందు రెండు ధమనులు, ఉదరమున కాలేయము వైపు సాగు సిర, మూత్రాశయమునకు చెందిన నాళము ఉండును. దూడ పుట్టగానే త్రాడు తెగును. ధమనులు ఉదరములోనికి ముడుచుకొనును. కాని తడిసిన తునక యొకటి వెలుపల వ్రేలాడుచునే యుండును. అది ఎండి మూసుకొనువరకు శరీరమునకు తెరచిన తలుపు వంటిది.

పేడ, మూత్రములతో తడిసిన నేలపై దూడ పడుకొన్నప్పుడు సూక్ష్మజీవులు ఈ దారిని లోనికి పోవును. బొడ్డు వాచును, కొన్నిసార్లు పైకి వాపు కనబడదు. జీవులు సిర ద్వారా కాలేయమునకు, అచటినుండి రక్తమున కలిసి దేహమంతటికి వ్యాపించును. కీళ్ల లోపలి పొరలో సన్నని రక్తనాళములు దట్టముగ నుండును. సూక్ష్మజీవులు అచట నిలిచి పెరుగును. కీలులోని ద్రవము చీముగా మారును. ఎముక చివరనుండు మృదులాస్థి కరగిపోవును. ఒకసారి నశించిన మృదులాస్థి మరల పూర్వమువలె ఏర్పడదు. ఆ దూడ బ్రతికినను జన్మమంతయు కుంటిదై పోవచ్చును. మొదటి రెండు దినములు వృథాచేయరాదనుటకు కారణమిదే.

దీనిని రానీయకుండుట చాల తేలిక. దూడ పుట్టగానే బొడ్డు తునకను టింక్చర్ అయొడిన్‌లో ముంచవలెను. ఎండువరకు మరల కొన్నిసార్లు అట్లే చేయవలెను. బూడిద, పేడ పూయరాదు. పడుకొను చోటు పొడిగ నుండవలెను. బ్రెజిల్ బీళ్లలో తడి బొడ్డుపై ఒకజాతి ఈగ గ్రుడ్లు పెట్టును. పుట్టిన పురుగులు సజీవమాంసమును తినును. అందుచే పుట్టిన దూడను పట్టి బొడ్డుకు మందు వేయుట అచటి పశుపాలకుని మొదటి పనులలో నొకటి. అట్టి గుణముగల మరియొక జాతి ఈగ మన దేశమునను కలదు.

ముర్రుపాల విలువ

మానవ శిశువు కొన్ని ప్రతిరక్షకములను తల్లి గర్భమునందే పొందును. ఆవు మావి నిర్మాణము వేరు. దాని గుండ ప్రతిరక్షకములు దాదాపు దాటవు. కావున దూడ వ్యాధులను ఎదిరించు ఆయుధము లేకయే పుట్టును. ఆ ఆయుధము ముర్రుపాలలో నున్నది. అయితే దూడ ప్రేగులు ఈ పెద్ద అణువులను యథాతథముగ పీల్చుకొనగలుగునది సుమారు 24 గంటలు మాత్రమే. గంట గంటకు ఆ శక్తి తగ్గిపోవును. తొలి కొద్ది గంటలలోనే దూడ బరువులో పదవవంతు ముర్రుపాలు త్రాగుట మంచిది. 25 కిలోల దూడకు సుమారు రెండున్నర లీటర్లు. మన ఇండ్లలో జున్ను ఎవరికి ప్రీతి కాదు? కాని దూడ కడుపు నిండిన పిమ్మటనే జున్నుగిన్నె పొయ్యి నెక్కవలెను.

గాలికుంటు, జబ్బవాపు

గాలికుంటు వ్యాధిలో నోటను, వ్రేళ్లసందునను బొబ్బలు లేచి పశువు కుంటును. దీనికి కారణము వైరస్. బాక్టీరియాను ఆపగల వడపోతల గుండ పోయిన ద్రవము కూడ ఈ వ్యాధిని కలిగించునని 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రోష్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. జంతువులకు సోకు వైరస్ ఉనికి మొదట వెల్లడియైనది ఈ విధముగనే. పెద్ద పశువు సాధారణముగ కోలుకొనును. లేగదూడలో వైరస్ గుండె కండరమును దెబ్బతీయును. నోట బొబ్బయైన లేవకముందే దూడ హఠాత్తుగ కూలవచ్చును. మన దేశమున 2019లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద నాలుగు నెలలు నిండిన దూడలనుండి ఈ వ్యాధికి టీకాలు వేయుచున్నారు. అంతకు చిన్న దూడకు రక్షణ, టీకా పొందిన తల్లి ముర్రుపాలే.

ఆరు నెలలు దాటి ఏపుగ పెరుగు దూడ వర్షకాలమున హఠాత్తుగ కుంటినచో జబ్బవాపును శంకింపవలెను. తొడలోనో జబ్బలోనో వాపు లేచి, నొక్కినచో లోపలి వాయువు వలన చిటచిట శబ్దమగును. ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవచ్చును. వానలకు ముందే టీకా వేయించుట దీనికి తగిన ఉపాయము.

పరీక్షించు క్రమము

కుంటు దూడను క్రిందినుండి పైకి పరీక్షింపవలెను. మొదట గిట్ట, వ్రేళ్లసందు కడిగి చూడవలెను. పిదప ప్రతి కీలును రెండవ కాలి కీలుతో పోల్చి, వాపుగాని వేడిగాని కలదేమో అరచేతితో తెలిసికొనవలెను. జబ్బ, తొడ నొక్కి చూడవలెను. బొడ్డు తడిమి, నోరు తెరచి చూడవలెను. ఉష్ణమాపకముతో జ్వరము కొలువవలెను. ఆరోగ్యముగల దూడకు సుమారు 101 నుండి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండును. జ్వరము, కీలువాపు, పాలు మానుట, ఈ మూడింటిలో ఏ యొక్కటి కనబడినను ఆ దినముననే పశువైద్యుని పిలువవలెను. మిగిలియున్న మందేదో స్వయముగ పొడుచుట తగదు.

ఈ పరీక్షకు పది నిముషములు చాలును. పల్లెటూరి విద్యార్థి ఎవడైనను దీనిని నేర్చుకొనవచ్చును. గిట్టలో ముల్లు లేదని తెలియుట పరీక్షకు ముగింపు కాదు. అసలు పరీక్ష అచటనే ప్రారంభమగును.