వెతికింది నీతికథ... ఎదురైంది బూతుకథ

నాలుగో తరగతి చదివే మా మేనకోడలు ఓ ఆదివారం మధ్యాహ్నం నా ఫోన్ తీసుకుంది. మర్నాడు బళ్లో చెప్పడానికి ఓ కథ కావాలి. ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘తెలుగు కథలు’ అని కొట్టింది. కాసేపటికి ఫోన్ బోర్లించి పెట్టి, ‘‘అత్తా, నేనేం చేయలేదు’’ అంది. తీసి చూశాను. పేజీ నిండా బూతుకథల పేర్లు. అక్క, వదిన, ఆంటీ... నోరారా పిలుచుకునే వరసలన్నీ అక్కడున్నాయి.

పిల్ల చెప్పింది నిజం. తనేమీ చేయలేదు. లెక్కలూ ఆ మాటే అంటున్నాయి.

38 నుంచి 59కి

ఇంగ్లండ్ బాలల కమిషనర్ కార్యాలయం 16–21 ఏళ్ల వాళ్లను అడిగి 2023లో ఒకటి, 2025లో ఒకటి నివేదికలిచ్చింది. అశ్లీల దృశ్యాలు అనుకోకుండానే కంటపడ్డాయన్నవారు మొదటి నివేదికలో 38 శాతం. రెండేళ్లకు అది 59 శాతానికి పెరిగింది. అమెరికాలో కామన్ సెన్స్ మీడియా సంస్థ 13–17 ఏళ్ల పిల్లలు 1,358 మందిని అడిగితే, 58 శాతం మంది అనుకోకుండా ఎదురైన అనుభవం ఉందన్నారు. తొలిసారి చూసిన సగటు వయసు 12. అంటే ఏడో తరగతి.

47 శాతం: వెతుకుతుండగానే

ఎలా ఎదురవుతున్నాయి? ఇంటర్నెట్ ఇళ్లలోకి కొత్తగా వస్తున్న రోజుల్లోనే న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సంగతి ఆరా తీశారు. 10–17 ఏళ్ల పిల్లలు 1,501 మందితో మాట్లాడి 2000లో ఫలితాలు ప్రకటించారు. అంతకుముందు ఏడాది కాలంలో ప్రతి నలుగురిలో ఒకరికి, కోరకుండానే అశ్లీల చిత్రాలు ఎదురయ్యాయి. నెట్‌లో తిరుగుతుండగా జరిగిన ఘటనల్లో 47 శాతం ఏదో వెతుకుతున్నప్పటివే. సైటు చిరునామాలో అక్షరం తప్పు కొట్టడం వల్ల 17 శాతం, ఏదో లింకు నొక్కడం వల్ల మరో 17 శాతం.

ఆ తప్పు అక్షరం మీద ఓ వ్యాపారమే నడిచింది. అమెరికాలో జాన్ జుకారిని అనే వ్యక్తి డిస్నీ, టెలిటబ్బీస్ లాంటి పిల్లల పేర్లను పోలిన చిరునామాలు సహా వేల పేర్లు సొంతం చేసుకున్నాడు. అక్షరం పొరపాటైన వాళ్లను అశ్లీల సైట్లకు మళ్లించి డబ్బు గడించాడు. ఇలాంటి మోసపు చిరునామాల కోసమే 2003లో తెచ్చిన చట్టం కింద అరెస్టయ్యాడు. 2004లో 30 నెలల జైలు శిక్ష పడింది. పిల్లలకు అది పొరపాటు, అవతలి వాడికి అది వల. మన భాషలో ‘కథలు’ అనే మాటకూ, వరస పిలుపులకూ పట్టిన గతి కూడా ఇదే.

3 ఎంపికలు, ఒకటే రక్షణ

వెతుకులాటలో అశ్లీల ఫలితాలను అదుపు చేసే గూగుల్ సేఫ్‌సెర్చ్‌లో మూడు ఎంపికలుంటాయి: ఫిల్టర్, బ్లర్, ఆఫ్. 2023 నుంచి బ్లర్ ముందే అమర్చి వస్తోంది. చాలామంది తల్లిదండ్రులు ఇది చాలనుకుంటారు. కానీ బ్లర్ బొమ్మలను మాత్రమే మసకబారుస్తుంది. రాతలు, లింకులు అలాగే కనిపించవచ్చు. మా పిల్లకు ఎదురైంది రాతే. అందుకే ఫిల్టర్ పెట్టాలి. ఇంట్లో వైఫై ఉంటే రూటర్‌లో డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు వెతికిపెట్టే సర్వర్) నంబరును 1.1.1.3గా మార్చుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఉచితంగా ఇస్తున్న ఈ సేవ అశ్లీల సైట్లను అడ్డుకుంటుంది. మొబైల్ డేటాకు మాత్రం రూటర్‌లో చేసిన ఈ మార్పు పనిచేయదు.

18 ఏళ్లలోపు వయసుతో నమోదైన ఖాతాలకు గూగుల్ తనంతట తానే ఫిల్టర్ పెడుతుంది. అయితే మన పిల్లల చేతిలో ఉండేది ఎవరి ఫోను? 2024 ‘అసర్’ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వే ప్రకారం మన దేశంలోని గ్రామాల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. వాడటం తెలిసిన 14 ఏళ్ల వారిలో సొంత ఫోన్ ఉన్నది 27 శాతానికే. మిగతావారు వాడేది అమ్మదో నాన్నదో. కాబట్టి సెట్టింగ్ మార్చాల్సింది పెద్దల ఫోన్లలోనే.

44 శాతం: ఎవరికీ చెప్పలేదు

నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన అంకె ఇది. న్యూ హాంప్‌షైర్ సర్వేలో అలాంటివి ఎదురైన ఘటనల్లో 44 శాతం సార్లు పిల్లలు ఆ సంగతి ఏ ఒక్కరికీ చెప్పలేదు. తల్లిదండ్రుల దాకా వచ్చినవి 39 శాతమే. మన ఇళ్లలో పిల్లలు ఎందుకు దాస్తారో మనకు తెలియనిది కాదు. తిట్లు పడతాయని, ఫోన్ లాగేసుకుంటారని భయం.

ఆ రోజు మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, ‘‘నీ తప్పేం లేదు. నాకు చెప్పి మంచి పని చేశావు’’ అన్నాను. బిగపట్టుకున్న భుజాలు వదులయ్యాయి. ఇద్దరం కలిసే ఫిల్టర్ పెట్టాం.

ఒక్క విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. కంటపడినవి పిల్లల అశ్లీల దృశ్యాలైతే ‘చూశారా ఎంత ఘోరమో’ అంటూ కూడా ఎవరికీ పంపకూడదు. దాచుకోవడం, పంచడం పోక్సో చట్టం కింద నేరమవుతాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలకు సాయం కావాలంటే 1098కు ఫోన్ చేయండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఫోన్‌లో సేఫ్‌సెర్చ్ తెరిచి ఫిల్టర్ పెట్టండి. తర్వాత పిల్లల్ని పిలిచి ‘‘ఏం కనబడినా మాకు చెప్పు, తిట్టం’’ అనండి. ఆ మాట మీద నిలబడండి.