అలుగు పొలుసుల దొంగవర్తకం

నల్లమల అడవులలోను, తూర్పు కనుమలలోను నివసించే జంతువులలో అలుగు ఒకటి. అడవికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో కూడ చాలామంది దీనిని చూచి ఉండరు. పగలంతా బొరియలో పడుకొని, చీకటి పడిన తరువాత ఒంటరిగా బయలుదేరే జంతువు కావడమే ఇందుకు కారణం. ఒంటినిండా పొలుసులు ఉండడం చేత కొందరు దీనిని ఉడుము, మొసలి కోవకు చెందినదిగా భావిస్తారు. ఇది పొరపాటు. అలుగు క్షీరదం, పిల్లకు పాలిచ్చి పెంచుతుంది. దాని పొట్టమీదనే కాక పొలుసుల సందులలో కూడ వెంట్రుకలు ఉంటాయి. ఇంతటి పొలుసుల కవచం గల క్షీరదాలు ప్రపంచంలో అలుగులు మాత్రమే.

అలుగులలో సాధారణంగా ఎనిమిది జాతులను గుర్తిస్తారు. నాలుగు ఆసియాలోను, నాలుగు ఆఫ్రికాలోను ఉన్నాయి. మన అడవులలోని దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మానిస్ క్రాసికాడాటా. లావుపాటి తోక గలదని అర్థం. ఈశాన్య భారతంలో చైనా అలుగు కూడ ఉన్నది. ఇంగ్లీషువారు వాడే ‘పాంగొలిన్’ అనే మాట మలయా భాషనుంచి వచ్చినది. చుట్టచుట్టుకొనేది అని దాని భావం.

అలుగు ఆహారం చీమలు, చెదలు, వాటి గుడ్లు. ముందుకాళ్ళకు ఉన్న బలమైన గోళ్ళతో పుట్టను తవ్వి, బంకవంటి లాలాజలం పూసుకొన్న పొడవైన నాలుకను లోపలికి పోనిచ్చి పురుగులను బయటకు లాగుకొంటుంది. ఆ సమయంలో చీమలు దూరకుండ ముక్కు రంధ్రాలను, చెవులను మూసుకొనగలదు. దీనికి పళ్ళు లేవు. మ్రింగిన పురుగులను నలిపే పని జీర్ణాశయం చేస్తుంది. ఆహారంతోపాటు లోపలికి పోయిన ఇసుక, చిన్న రాళ్ళు ఇందుకు తోడ్పడతాయి. కోడి కందనకాయ పనిచేసే తీరు ఎరిగినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. దక్షిణ అమెరికాలోని చీమలభక్షి కూడ ఇదే విధంగా పొడవైన నాలుకతో బ్రతుకుతుంది కాని, దానికీ అలుగుకూ దగ్గరి చుట్టరికం లేదు. జన్యువులను పోల్చి చూచినపుడు అలుగుకు దగ్గరి బంధువులు పిల్లి, కుక్క మొదలైన మాంసాహార క్షీరదాలని తేలినది. ఒకే రకం తిండికి అలవాటుపడిన వేరు వేరు జంతువులు కాలక్రమాన ఒకే రకం అవయవాలను పొందుతాయనడానికి జీవశాస్త్ర పాఠంలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అపాయం ఎదురైనపుడు అలుగు పరుగెత్తదు. తలను, పొట్టను లోపలికి ముడుచుకొని, తోకను చుట్టూ బిగించి బంతివలె అయిపోతుంది. పిల్ల వెంట ఉంటే దానిని కూడ ఆ చుట్ట మధ్యలోనే దాచుకొంటుంది. బయటకు కనిపించేవి వాడి అంచులు గల పొలుసులు మాత్రమే. చిరుతపులి కొంతసేపు దొర్లించి, గోకి, విసుగుపుట్టి వెళ్ళిపోతుంది. లక్షల సంవత్సరాలుగా అలుగును కాపాడిన ఈ విద్యయే మనిషి ముందు దాని ప్రాణానికి ముప్పు తెచ్చినది. చుట్టుకొన్న అలుగును పట్టడానికి వల అక్కరలేదు, తుపాకి అక్కరలేదు, వెంబడించే పని అంతకన్న లేదు. ఎత్తి గోనెసంచిలో వేసుకొంటే చాలు.

ఎందుకు పట్టుకొంటారు? కొంత మాంసం కొరకు. ముఖ్యంగా పొలుసుల కొరకు. చైనా, వియత్నాం దేశాల సంప్రదాయ వైద్యంలో పొలుసులను వేయించి పొడిచేసి బాలింతలకు పాలు పడడానికి, రక్తప్రసారం సరిగా సాగడానికి ఇస్తూ వచ్చారు. మన దేశంలో కూడ పొలుసుతో ఉంగరాలు చేయించుకొని, తాయెత్తులు కట్టుకొనేవారు లేకపోలేదు. ఇంతకూ ఈ పొలుసులో ఉన్నదేమిటి? కెరటిన్ అనే మాంసకృత్తు. మన గోళ్ళు, వెంట్రుకలు, ఆవు గిట్టలు, ఖడ్గమృగం కొమ్ము ఇవన్నీ కెరటిన్‌తో తయారైనవే. దీనిలో గంధకం గల ఆమ్లాలు ఎక్కువగా ఉండి, పక్కపక్కనున్న గొలుసులను బిగించి కట్టుతాయి. పదార్థం గట్టిపడడానికి కారణం అదే. అలుగు పొలుసును నిప్పుమీద వేస్తే, గోటి ముక్కను వేసినపుడు వచ్చే కమురు వాసనే వస్తుంది. పొలుసు పొడికి ఈ వ్యాధులను నయంచేసే శక్తి ఉన్నదనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కెరటిన్‌కే ఆ మహిమ ఉంటే క్షౌరశాలలో రోజూ ఊడ్చి పారవేసే వెంట్రుకలలో కూడ అది ఉండవలసినదే!

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. కుందేళ్ళను, అడవికోళ్ళను మనుషులు అనాదిగా వేటాడుతున్నారు. ఐనా అవి నిలిచి ఉన్నాయి. అలుగుకే ఇంత ముప్పు ఎందుకు? దీనికి జవాబు చిన్న లెక్కలో ఉన్నది. ఆడ అలుగు ఒక కాన్పుకు సాధారణంగా ఒకే పిల్లను కంటుంది. ఆ పిల్ల నెలల తరబడి తల్లి తోక మొదటిమీద ఎక్కి తిరుగుతుంది. ఒక అడవిలో 100 అలుగులు ఉన్నాయని, వాటిలో ఈడు వచ్చిన ఆడవి 40 అని, అవన్నీ ఏడాదికి ఒక్కొక్క పిల్లను కంటాయని అనుకొందాం. పుట్టిన 40 పిల్లలలో సగం పెద్దవైతే ఏడాదికి 20 కొత్త అలుగులు చేరుతాయి. ముసలితనం వలన, వ్యాధుల వలన ఏటా 15 చనిపోతే మిగిలే పెరుగుదల 5. ఈ అంకెలు లెక్క కొరకు అనుకొన్నవే. కాని విషయం స్పష్టమే. ఆ అడవిలో ఏడాదికి ఆరు అలుగులను పట్టుకొంటే సంఖ్య తరగడం ప్రారంభిస్తుంది. పట్టుబడినది పిల్లతల్లి అయితే ఒక్కసారికి రెండు పోయినట్లే. ఏడాదికి పలుమార్లు ఈనే కుందేలు విషయంలో ఈ లెక్క వేరుగా ఉంటుంది.

వేటకు ప్రకృతిలో ఒక సహజమైన అడ్డు కూడ ఉన్నది. జంతువు అరుదైనకొద్దీ వేటగాని శ్రమ పెరిగి, ఫలితం తగ్గుతుంది. ఇక లాభం లేదని అతడు మానుకొంటాడు. మిగిలిన జంతువులు తిరిగి వృద్ధి పొందుతాయి. తిండి కొరకు వేటాడినంతకాలం ఈ అడ్డు పనిచేస్తుంది. దూరదేశపు బజారు ప్రవేశించినపుడు అది తెగిపోతుంది. సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. దొరకనిది కనుకనే విందులో వడ్డించడం గొప్ప అనుకొనే ధనికులు బయలుదేరుతారు. అలుగులు కరువైన కొద్దీ వెతికేవారు ఎక్కువ అవుతారు. పైగా తేనె కొరకు, కట్టెల కొరకు అడవికి పోయినవాడు బొరియ కనబడితే తవ్వుతాడు. ప్రత్యేకంగా వెతికే ఖర్చు అతనికి లేదు. అతనికి దక్కే సొమ్ము స్వల్పం. చేతులు మారినకొద్దీ లాభం పెరుగుతుంది. కేసులో ఇరుక్కొనేది మాత్రం తరచుగా ఈ మొదటివాడే.

ఆసియా అలుగులు తరిగిపోయిన తరువాత వర్తకుల దృష్టి ఆఫ్రికావైపు మళ్ళినది. అడవి జంతువుల వర్తకాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్. 1973లో కుదిరి, 1975లో అమలులోనికి వచ్చిన ఈ ఒప్పందం క్రింద, అడవిలో పట్టిన ఆసియా అలుగుల వాణిజ్య ఎగుమతిని 2000లో సున్నకు తెచ్చారు. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సమావేశం ఎనిమిది జాతులనూ మొదటి అనుబంధంలో చేర్చినది. 2017 జనవరినుంచి వీటి వాణిజ్యం అంతర్జాతీయంగా నిషిద్ధం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలుగు మొదటి షెడ్యూలు జంతువు. దానిని చంపినా, పొలుసులు అమ్మినా మూడేళ్ళకు తక్కువ కాకుండ ఏడేళ్ళవరకు జైలుశిక్ష ఉన్నది. 2020లో చైనా తన అధికార ఔషధ గ్రంథంలోని మందుల పట్టికనుంచి అలుగు పొలుసులను తొలగించినది. ఇన్ని జరిగినా వర్తకం ఆగలేదు. 2018 నుంచి 2022 వరకు భారతదేశంలో 342 సందర్భాలలో 1,203 అలుగులు దొంగవర్తకంలో పట్టుబడినట్లు ట్రాఫిక్ అనే సంస్థ లెక్కకట్టినది. పట్టుబడినవే ఇన్ని.

కోళ్ళను పెంచినట్లు అలుగులను పెంచి పొలుసులు అమ్మితే అడవిలోని వాటికి బాధ తప్పదా అని కొందరు అడుగుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కాని చీమలు, చెదలు తప్ప ఎరుగని జంతువుకు రోజూ వాటిని సమకూర్చడం, లేదా దాని ఒంటికి సరిపడే మరొక తిండిని తయారుచేయడం సులభం కాదు. బోనులో బెదురుకు, జీర్ణకోశ వ్యాధులకు లోనై చాలా అలుగులు చనిపోతాయి. భువనేశ్వరం దగ్గరి నందనకానన్ జంతుప్రదర్శనశాలలోను, తైపీలోను అవి పిల్లలను కన్నాయి. అది ఎంతో శ్రద్ధతో, ఖర్చుతో సాధించిన విజయం. ఏటికి ఒక పిల్ల చొప్పున ఈ పద్ధతిలో బజారుకు సరుకు అందించడమన్నది లెక్కకు నిలవని మాట.

పట్టుబడిన పొలుసులనుంచి శాస్త్రజ్ఞులు ఏమి తెలుసుకొంటారో చూడడం ఆసక్తికరం. 2019 ఏప్రిల్‌లో వారం వ్యవధిలో సింగపూరు అధికారులు రెండు కంటైనరు పెట్టెలను తెరిచారు. రెండూ నైజీరియానుంచి వియత్నాంకు పోతున్నవే. కాగితాలలో ఒకదానిలో మంచులో నిలవచేసిన మాంసం, రెండవదానిలో కాసియా గింజలు ఉన్నట్లు రాసి ఉన్నది. మొదటి పెట్టెలో 12.9 టన్నుల పొలుసులు దొరికినవి. అవి సుమారు 17,000 అలుగులవని అంచనా వేశారు. రెండవదానిలో 12.7 టన్నులు, సుమారు 21,000 అలుగులవి. అదే సంవత్సరం జులైలో కాంగోనుంచి కలప పేరుతో వచ్చిన పెట్టెలలో 11.9 టన్నులు పట్టుబడినవి. కాని ఈసారి అంచనా సుమారు 2,000 అలుగులు మాత్రమే. విద్యార్థులు భాగహారం చేసి చూస్తే మొదటి సందర్భంలో ఒక్కొక్క జంతువుకు ముప్పావు కిలో, మూడవ సందర్భంలో దాదాపు ఆరు కిలోలు వస్తుంది. తేడా ఎందుకంటే జులైలో దొరికినవి ఆఫ్రికాలోని అతిపెద్ద అలుగు జాతి పొలుసులు. చెట్లెక్కి తిరిగే చిన్న జాతుల అలుగు మొత్తం బరువే కొద్ది కిలోలు. బస్తాల బరువు ఎంతో తెలిసినంత మాత్రాన చచ్చిన జంతువులెన్నో తెలియదు. జాతి ఏదో ముందు తేలాలి.

జాతిని తేల్చే పని డి.ఎన్.ఏ. చేస్తుంది. జీవకణంలోని మైటోకాండ్రియాలకు సొంత డి.ఎన్.ఏ. ఉన్నది. ఒక్కొక్క కణంలో దీని నకళ్ళు వందలు, వేలు ఉండడం చేత ఎండిన చర్మంలో, పొలుసులలో కూడ కొంత మిగిలి ఉంటుంది. దానిలో సైటోక్రోమ్-బి అనే జన్యువు ఖండాన్ని ప్రయోగశాలలో వృద్ధి చేసి, అక్షరాల వరుసను చదివి, తెలిసిన జాతుల వరుసలతో పోల్చుతారు. ఏ జంతువు నమూనాకైనా పనికివచ్చే ఇటువంటి పద్ధతిని రూపొందించినవారిలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఉన్నారు. అటవీశాఖవారు పట్టుకొన్న మాంసం, చర్మం, ఎముకల నమూనాలను అక్కడ పరీక్షిస్తారు. వండిన కూర అడవిపందిదా, ఊరపందిదా అన్న వాదాలు ఒకప్పుడు కోర్టులలో తెగేవి కావు.

ఈ పరీక్షలలో ఒక ఊహించని ఫలితం కూడ వచ్చినది. హాంకాంగ్‌లోను, చైనాలోని యునాన్ రాష్ట్రంలోను పట్టుబడిన కొన్ని పొలుసుల జన్యువులు ఎనిమిది జాతులలో దేనితోను సరిపడలేదు. ఇది వేరొక ఆసియా జాతి అని, దాదాపు 50 లక్షల సంవత్సరాల క్రిందట మలయా, ఫిలిప్పీను అలుగులనుంచి వేరుపడినదని 2023లో శాస్త్రజ్ఞులు ప్రతిపాదించి, దానికి మానిస్ మిస్టీరియా అని పేరు పెట్టారు. దాని జన్యువులలో వైవిధ్యం తక్కువగా ఉన్నది. దగ్గరి సంబంధం గల జంతువులు జతకట్టిన గుర్తులు ఉన్నాయి. సంఖ్య బాగా తగ్గిన జంతువులలో కనిపించే లక్షణాలు ఇవి. ఆ వర్ణన రాసిన శాస్త్రజ్ఞుల ముందు ఆ జాతికి చెందిన జంతువు ఒక్కటీ లేదు. వారికి దొరికినవి దొంగసరుకులోని పొలుసులే.