పత్తిలో తెల్లదోమ, ఇతర రసం పీల్చే పురుగుల యాజమాన్యం: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నేపథ్యం

కీలకపదాలు: పత్తి, తెల్లదోమ, పచ్చదోమ, మిత్రపురుగులు, కాండానికి మందు పూత, సమగ్ర సస్యరక్షణ

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల నల్లరేగడి భూములలో పత్తి ప్రధానమైన వానాకాలపు పంట. తొలకరికి విత్తిన ఈ పంట అధికభాగం వర్షాధారంగానే పండుతుంది. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు వంటి కొత్త జిల్లాలుగా విడిపోయినా పత్తిరైతు సమస్యలు మాత్రం ఉమ్మడిగానే మిగిలాయి. వాటిలో రసం పీల్చే పురుగుల బెడద ఒకటి.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి లభించింది. దానిలోని విషపదార్థం కాయను తొలిచే గొంగళిపురుగుల కోసం ఉద్దేశించినది. సూదివంటి నోటితో ఆకురసాన్ని పీల్చే పురుగులను అది నివారించలేదు. అందువల్ల బీటీ చేలలోనూ పేనుబంక, తామరపురుగు, పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి పంటను ఆశిస్తూనే ఉన్నాయి. వీటి యాజమాన్యంలో ఏ మందు కొట్టాలన్న ప్రశ్నకన్నా మొదటి పిచికారీ ఎప్పుడు చేయాలన్న ప్రశ్నే కీలకమని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. పేర్లు – పురుగుల స్వభావం

ఈ పురుగుల తెలుగు పేర్లలో రైతుల పరిశీలన నిక్షిప్తమై ఉంది. ఆకుపై జిగురును విసర్జించే పురుగు పేనుబంక. పసుపు కలిపిన అక్షతల వలె కనిపించే మిత్రపురుగు అక్షింతల పురుగు. అయితే ‘దోమ’ అన్న మాట కొంత చిక్కు తెచ్చిపెడుతుంది. పచ్చదోమ, తెల్లదోమ రెండూ వాడుకలో ‘దోమ’లే గాని, వాటి జీవనవిధానాలు వేరు. చేలో దోమ పడిందని మాత్రమే చెప్పిన రైతుకు దుకాణంలో సరైన మందే దొరుకుతుందన్న హామీ లేదు.

పచ్చదోమ ఆశించిన ఆకుల అంచులు పసుపుబారి, ముడుచుకొని, క్రమంగా ఎర్రబడతాయి. తెల్లదోమ పిల్లపురుగులు ఆకు అడుగుభాగాన అతుక్కొని రసం పీలుస్తాయి. అవి విసర్జించే తియ్యని జిగురుపై నల్లని మసిబూజు పెరిగి కిరణజన్య సంయోగక్రియకు అడ్డుపడుతుంది. విచ్చిన దూది నాణ్యత కూడా చెడుతుంది. పెసర, మినుము పంటలలో పల్లాకు తెగులు వైరస్‌ను వ్యాపింపజేసేది కూడా తెల్లదోమే. కనుక పత్తిచేలోని తెల్లదోమ పొరుగు పంటలకూ ముప్పే.

ఆకుపై దట్టమైన నూగు గల రకాలు పచ్చదోమను తట్టుకొంటాయి, కాని తెల్లదోమకు ఆ నూగే అనుకూలిస్తుంది. ఒక పురుగును దృష్టిలో పెట్టుకొని చేసిన ఎంపిక మరొక పురుగుకు మేలు చేయవచ్చు.

3. మందే సమస్యగా మారిన తీరు

1980ల మధ్యకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో తెల్లదోమ ఉద్ధృతమైంది. కాయతొలుచు పురుగు కోసం సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను విచ్చలవిడిగా వాడడం అందుకు ముఖ్యకారణాలలో ఒకటిగా శాస్త్రజ్ఞులు గుర్తించారు. 2015లో పంజాబు, హర్యానా రాష్ట్రాలలో తెల్లదోమ పత్తిపంటను తీవ్రంగా దెబ్బతీసింది. పదేపదే మందులు కొట్టినా అక్కడి పంట దక్కలేదు.

దీని వెనుక ఉన్న ప్రక్రియ సులభగ్రాహ్యమే. ఆకుల పైభాగాన పడిన మందు అక్షింతల పురుగులను, అల్లిక రెక్కల పురుగులను, సాలీళ్లను చంపుతుంది. ఆకు అడుగున ఉన్న తెల్లదోమ పిల్లలకు అది అంతగా తగలదు. అనుకూల వాతావరణంలో తెల్లదోమ సుమారు మూడు వారాలలో ఒక తరాన్ని పూర్తిచేస్తుంది. శత్రువులు లేని చేలో, మందును తట్టుకొన్న వాటి సంతానమే మిగిలి పెరుగుతుంది. అధిక యూరియాతో ఏపుగా, మెత్తగా పెరిగిన ఆకులు దీనికి తోడవుతాయి.

నష్టం పంటతో ఆగదు. ఆదిలాబాదుకు పెన్‌గంగ ఆవలనున్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి పురుగుమందులు కొడుతూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు.

4. మొదటి అరవై రోజుల యాజమాన్యం

మార్కెట్లో లభించే బీటీ విత్తనం సాధారణంగా ఇమిడాక్లోప్రిడ్ వంటి మందుతో శుద్ధిచేసి ఉంటుంది. అది తొలి మూడు, నాలుగు వారాలు మొక్కను కాపాడుతుంది. ఆ కాలంలో చేసే పిచికారీ చాలావరకు వృథావ్యయం.

తరువాతి దశలో కాండానికి మందు పూయడం మేలైన పద్ధతి. ఇమిడాక్లోప్రిడ్ లేదా ఫ్లోనికామిడ్‌ను 1:20 నిష్పత్తిలో నీటితో కలిపి, లేత కాండంపై కుంచెతో పూయాలి. విత్తనశుద్ధికి వాడిన మందునే మళ్లీ వాడకుండా మార్చడం మంచిది. మందు మొక్క రసంలో కలుస్తుంది గనుక రసం పీల్చే పురుగుకే ప్రధానంగా చేరుతుంది. మిత్రపురుగులు చాలావరకు మిగులుతాయి. పనిచేసేవారు చేతి తొడుగులు ధరించడం తప్పనిసరి.

పిచికారీ నిర్ణయానికి లెక్కే ప్రాతిపదిక కావాలి. ఆకుకు పచ్చదోమలు 2, తెల్లదోమలు 5 నుండి 10 ఉన్నప్పుడే మందు అవసరం. ఎకరాకు 10 పసుపురంగు జిగురు అట్టలు తెల్లదోమ రాకను ముందుగా తెలియజేస్తాయి. ఉద్ధృతి స్వల్పంగా ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె సరిపోతుంది. హద్దు దాటితే లీటరుకు 1.25 గ్రాముల డయాఫెన్‌థియురాన్ వాడవచ్చు. తెల్లదోమ ఉన్నప్పుడు పైరిథ్రాయిడ్ మందులకు దూరంగా ఉండాలి. పత్తిలో కంది అంతరపంటగా, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న సాళ్లు వేయడం మిత్రపురుగులకు ఆశ్రయమిస్తుంది.

5. ముగింపు

ఆదిలాబాదు వ్యవసాయ పరిశోధన స్థానం, జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ పరిశోధన స్థానం, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం ఈ ప్రాంత రైతులకు అందుబాటులో ఉన్న సంస్థలు. అయినా విత్తనం, ఎరువు, మందు ఒకే దుకాణంలో అరువుకు తెచ్చుకొనే రైతుకు ఆ దుకాణమే తొలి సలహాదారు. గోండి, కొలామి, లంబాడీ ఇంటిభాషలైన కుటుంబాలకు డబ్బామీది సూచనలు మరింత దూరం. ఆకు తిప్పి చూసి, పురుగును గుర్తించి, లెక్కించే నేర్పును రైతు భాషలోనే అందించడం విస్తరణ విద్యకు మొదటి కర్తవ్యం. ఆ లెక్క తెలిసిన రైతు అనవసరమైన తొలి పిచికారీని ఆపగలడు. ఆపిన ఒక్క పిచికారీ మిత్రపురుగులను, పెట్టుబడిని, మందు కొట్టే మనిషి ఆరోగ్యాన్ని కాపాడుతుంది.