కుంగిన కమాను పట్టీలు

దళసరి నోటు పుస్తకమును రెండు చేతులతో పట్టి వంచినచో పుటలు ఒకదానిపై ఒకటి జారుచు సులభముగా వంగును. అదే పుస్తకము పుటలన్నియు జిగురుతో అతుక్కొని ఉన్నచో వంచుట కష్టము. లారీల ఇరుసులపై కనిపించు కమాను పట్టీల రహస్యము ఇదియే.

స్ప్రింగు సాగుదల దానిపై పనిచేయు బలమునకు అనులోమానుపాతములో ఉండునని రాబర్ట్ హుక్ 1678లో వివరించెను. అయితే పట్టీ మందము రెండింతలైన దాని బిగువు ఎనిమిదింతలగును. అంతే దూరము వంచినచో పైపొరలోని ప్రతిబలము రెట్టింపగును. కావున ఒకే దళసరి పట్టీకి బదులు పలుచని ఉక్కుపట్టీలను పేర్చి కట్టుదురు.

ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్సుకారు వెనుక ఇరుసును మోయునవి ఇట్టి రెండు కమానులే. కమాను ముందు కొన బోల్టుతో కారు అడుగుభాగమునకు స్థిరముగా కట్టబడి యుండును. బరువు పడి కమాను చదునైనప్పుడు దాని నిడివి పెరుగును. ఆ పెరుగుదలకు చోటిచ్చుటకై వెనుక కొనను షాకిల్ అను ఊగెడు లంకెకు తగిలింతురు.

ఏండ్ల తరబడి వంగి లేచిన ఉక్కు క్రమముగా కుంగును. తుప్పు పట్టిన పట్టీలు సరిగా జారవు. దీనిని గుర్తించుటకు కారును సమతలముపై నిలిపి, చక్రము నడిమి నుండి మడ్‌గార్డు అంచు వరకు రెండు ప్రక్కల ఎత్తు కొలువవలెను. ఒక ప్రక్క మాత్రమే కుంగినను రెండు కమానులను కలిపి మార్చుట మేలు; లేనిచో కారు ఒక వైపునకు ఒరగును. 1974లో రబ్బరు బంపర్లు వచ్చినప్పుడు కారు ఎత్తు పెంచబడినందున, ఆ నమూనాకు తగిన కమానులనే ఎన్నుకొనవలెను.

పనికి ముందు ముందుచక్రములకు అడ్డు పెట్టవలెను. కారును ఎత్తిన పిదప దాని బరువును జాకీపై ఉంచరాదు. జాకీ జారిన ప్రాణాపాయము. అడుగు చట్రము క్రింద గట్టి స్టాండ్లు నిలిపి, జాకీతో ఇరుసును మాత్రము ఆనింపవలెను. షాక్ అబ్జార్బరు లంకెను, యూ బోల్టులను, షాకిల్‌ను, ముందు బోల్టును వరుసగా విప్పిన కమాను ఊడివచ్చును. క్రొత్తదానిని అమర్చునపుడు దాని నడిమి బోల్టు తల ఇరుసుమీది రంధ్రములో కూర్చుండవలెను. అట్లు కానిచో ఇరుసు వంకరపోయి, కారు తిన్నగా నడువదు.

కొనలలోని బోల్టులను వెంటనే పూర్తిగా బిగింపరాదు. వాటి చుట్టు రబ్బరు బుష్‌లు ఉండును. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, కారు నేలకు దిగినప్పుడు ఆ రబ్బరు మెలిపడి ఎల్లప్పుడు అట్లే ఉండి త్వరగా చినుగును. కావున బరువు చక్రములపై పడిన తరువాతనే కడపటి బిగింపు. కొంతదూరము నడిపి, యూ బోల్టులను మరల పరీక్షింపవలెను. క్రొత్త భాగములు సర్దుకొని, మరలు వదులగుట కలదు.