రెప్ప చూసి చెప్పాలి

కిందటి శ్రావణమాసం ముహూర్తాల ముందు మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నాలుగు రోజులు వచ్చి ఉండవూ? ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టాలి" అంది. ఏ బ్యాంకు కాగితాలో, కోర్టు కాగితాలో అనుకుని హడలిపోయాను. తీరా వెళ్తే అవి కనురెప్పల వెంట్రుకల కాగితాలు!

నవ్వకండి. దాని బతుకుతెరువు అది. భీమవరంలో పద్నాలుగేళ్లుగా బ్యూటీ పార్లరు నడుపుతోంది. ఇంటి ముందు వరండాకి కర్టెన్ కట్టి, ఒక కుర్చీ, ఒక అద్దంతో మొదలుపెట్టింది. థ్రెడింగు, ఫేషియల్, పెళ్లికూతుళ్లకి జడ, చీర కట్టడం... అలా ఒక్కొక్కటీ చేరుతూ వచ్చాయి. ఇప్పుడొచ్చే అమ్మాయిలు సెల్‌ఫోనులో వీడియోలు చూపించి "ఆంటీ, ఇలాంటి రెప్పలు కావాలి" అంటున్నారట. సామాను అమ్మే డీలరేమో మూడు రకాల కిట్లు తెచ్చి బల్లమీద పెట్టి వెళ్లాడు. దాని చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు. ఒకటి కొని, దానికి ట్రైనింగు తీసుకోవడానికి మాత్రమే సరిపోతుంది. ఏది కొనాలి?

డిగ్రీ చదివినందుకు నాకు ఇన్నేళ్లకి ఒక పని తగిలింది కదా అనుకుని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటిది ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు. మన రెప్ప వెంట్రుక ఒక్కొక్కదానికీ ఒక్కొక్క కృత్రిమ వెంట్రుక అతికిస్తారు. పైరెప్పకి వంద, నూటయాభై దాకా వెంట్రుకలుంటాయి. రెండు చేతుల్లో రెండు ట్వీజర్లు పట్టుకుని, ఒకదానితో వెంట్రుకని విడదీస్తూ, ఇంకోదానితో అతికించాలి. చర్మానికి తగలకూడదు, పక్క వెంట్రుకకి అంటుకోకూడదు. రెండు గంటల పని. చూపించే ఫోటోలు మాత్రం అద్భుతం! ఆ జిగురేమిటో చూద్దునా, సయనోఅక్రిలేట్. మనం విరిగిన బొమ్మలకీ, చెప్పులకీ వాడే ఇన్‌స్టంట్ జిగురుందే, దాని కుటుంబమే. కంటికి వాడేది వేరే రకంగా చేస్తారు గానీ ఇంటిపేరు ఒకటే. ఇది గాలిలో తేమ తగిలితే గట్టిపడుతుంది. శ్రావణమాసపు భీమవరంలో తేమకి కొదవా? ఉప్పు డబ్బాలో నీళ్లు ఊరే రోజులు. ఏసీ లేని వరండాలో వెంట్రుక రెప్ప దాకా చేరేలోపే జిగురు బిగుసుకుపోతుంది. దాని ఆవిరి పడక కళ్లు మండి, రెప్పలు ఉబ్బిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లెవరో ముందుగా తెలియదు.

ఇంకో తిరకాసు. మన రెప్ప వెంట్రుకలు కూడా తల వెంట్రుకల్లాగే పెరుగుతూ, రాలుతూ ఉంటాయి. అతికించినవి కూడా వాటితో రాలిపోతాయి. అందుకే రెండు మూడు వారాలకోసారి వచ్చి నింపించుకోవాలి. "మంచిదేగా, కస్టమరు మళ్లీ మళ్లీ వస్తుంది" అంది మా ఆడపడుచు. వస్తుంది సరే, రాకపోతే? సగం రాలి సగం వేలాడే రెప్పలతో ఊళ్లో తిరుగుతూ, "ఫలానా పార్లర్లో చేయించుకున్నా" అని చెబుతుంది. ఊడిపోతాయన్న భయంతో రెప్పలు కడుక్కోని వాళ్లకి మొదట్లో మురికి చేరి దురద, వాపు వస్తాయి. రెండు మూడు వెంట్రుకలు కలిపి అతికిస్తే, అవి పెరిగేటప్పుడు ఒకదాన్నొకటి లాక్కుని ఉన్నవీ పోతాయి.

మా మాటల మధ్యలోనే ఒక పెళ్లికూతురు వాళ్లమ్మతో వచ్చింది. ఎక్స్‌టెన్షన్లే కావాలంది, అందులోనూ అన్నిటికన్నా పొడుగువి. ముహూర్తం రాత్రి ఒంటిగంటకి. నేను పక్కన కూర్చుని మన పెళ్లి తతంగమంతా మనసులో తిప్పుకున్నాను. పెళ్లిరోజు పొద్దున్నే నలుగు, తలంటు, మంగళస్నానం. నూనె ఆ జిగురుకి శత్రువు, మెత్తబరిచి ఊడదీస్తుంది. కొత్తగా అతికించాక ఒక రోజన్నా తడి తగలనివ్వొద్దనీ ఆ కాగితాల్లోనే రాసి ఉంది. పోనీ స్నానమయ్యాక చేద్దామంటే, కళ్లు మూసుకుని రెండు గంటలు పడుకునే తీరిక ఆ రోజు ఏ పెళ్లికూతురికుంటుంది? ఆ పైన హోమం పొగ, మొహం మీద పడే తలంబ్రాలు, అప్పగింతల ఏడుపు. ఆ రీల్స్ చేసేవాళ్లెవరూ మన పెళ్లిని లెక్కలోకి తీసుకోలేదండీ!

"ముహూర్తానికి ముందు స్ట్రిప్ లాషెస్ పెడతానమ్మా. పొద్దున్న తీసేసుకోవచ్చు. అది కూడా మరీ పొడుగు వద్దు" అంది మా ఆడపడుచు. పొడుగు సంగతిలో నేనూ ఒక మాట కలిపాను. అమెరికాలో జార్జియా టెక్ అనే విశ్వవిద్యాలయం వాళ్లు 22 రకాల జంతువుల రెప్పలు కొలిచి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. కంటి వెడల్పులో మూడోవంతు పొడవు ఉన్న రెప్పలు కంటిని గాలికి ఆరిపోకుండా, దుమ్ము పడకుండా బాగా కాపాడతాయట. అంతకన్నా పొడుగైతే బయటి గాలిని అవే కంట్లోకి మళ్లిస్తాయట. ఆ అమ్మాయి నావంక ఒక చూపు చూసింది. ఎవరీ మాస్టారమ్మ అన్నట్టు! వాళ్లు లేచి వెళ్లిపోయారు. తర్వాత తెలిసింది, వేరే చోట చేయించుకుందట. జడా, మేకప్, చీర కట్టడం అంతా అక్కడే. మా ఆడపడుచు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. శ్రావణంలో ఒక పెళ్లి పోవడమంటే దానికి చిన్న నష్టం కాదు. నాకూ కొంచెం తప్పు చేశానేమో అనిపించింది.

రెండోది లాష్ లిఫ్ట్. ఇది జుట్టుకి పర్మింగు చేసినట్టే. రెప్ప మీద మెత్తటి సిలికాన్ దిండు లాంటిది పెట్టి, వెంట్రుకల్ని దాని మీదికి పైకి దువ్వి ఒక మందు రాస్తారు. అది వెంట్రుకలోని గంధకపు బంధాల్ని సడలిస్తుంది. రెండో మందు రాస్తే ఆ వంపులోనే మళ్లీ బిగుసుకుంటాయి. కొత్త వెంట్రుక ఏదీ అతికించరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది, ఆ తర్వాత పాతవి రాలి కొత్తవి వచ్చేస్తాయి. నింపించుకునే గొడవ లేదు. కానీ మొదటి మందు నిమిషాలు దాటి ఉంచితే వెంట్రుకలు మాడిన కరివేపాకులా ముడుచుకుపోతాయి. కంట్లో పడితే మంట సరేసరి. గడియారం చూసుకుంటూ చేయాల్సిన పని. పాలు పొయ్యి మీద పెట్టి ఫోనులో కబుర్లు చెప్పేవాళ్లకి కుదరదు.

మూడోది టింట్, అంటే రెప్పలకి రంగు. ఇది నా మీదే ప్రయోగమైంది. ఏ మందైనా కంటికి వాడేముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో కాస్త రాసి 48 గంటలు చూడాలని కాగితంలో ఉంది. "ముందు నాకు రాయి" అని ధైర్యంగా చెవి చూపించాను. మర్నాడు ఏమీ లేదు. రెండోరోజు తెల్లవారేసరికి చెవి వెనక ఎర్రగా కంది, చిన్న చిన్న పొక్కులు, ఒకటే దురద!

కిట్టు పెట్టె తిప్పి చదివితే అందులో పారాఫెనిలీన్‌డయమీన్ ఉంది. మనం తలకి వేసుకునే నల్లరంగుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. నేను ముప్పయ్యో ఏటి నుంచీ తలకి రంగు వేసుకుంటున్నాను. వేసుకున్నప్పుడల్లా చెవుల దగ్గర కాస్త దురద పుడుతుంది, మర్నాటికి పోతుంది. దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఈ పరీక్ష కూడా అక్కర్లేకపోయేది. ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత తగిలినప్పుడల్లా ఒళ్లు తిరగబడుతుంది. పెళ్లిళ్లలో గంటలో పండుతుందని పెట్టే నల్ల గోరింటాకు కోన్లలోనూ ఇదే కలుపుతుంటారు. చెవి వెనక వచ్చిన ఆ పొక్కులు కంటి మీద వచ్చి ఉంటే?

ఊహ కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు అమ్మారు. ఇదే రసాయనం. పదిమందికి పైగా ఆడవాళ్ల చూపు పోయింది, ఒకావిడ ప్రాణమే పోయింది. అప్పటికి అక్కడ సౌందర్య సాధనాల మీద ప్రభుత్వానికి అధికారమే లేదు. 1938లో కొత్త చట్టం రావడానికి ఈ ఘోరం కూడా ఒక కారణం. మీ ఇంట్లో హెయిర్‌డై పెట్టె ఉంటే ఒకసారి తీసి చూడండి. కనురెప్పలకీ కనుబొమలకీ వాడకూడదు, చూపు పోవచ్చు అని చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది. నేను అన్నేళ్లు వాడి ఒక్కసారీ చదవలేదు.

"అయినా మనవాళ్లకి రంగెందుకు వదినా? నల్లటి రెప్పలే కదా, కిందికి వాలి ఉంటాయి గానీ" అంది మా ఆడపడుచు. ఆ మాటతో టింట్ కిట్టు డీలరు సంచీలోకి వెళ్లిపోయింది.

అమ్మే కిట్టు కాదు గానీ, కస్టమర్లు అడిగేది ఇంకోటుంది, రెప్పలు పెరిగే మందు. ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగులోంచి కంటిచుక్కల సీసా తీసి, "ఇది రాస్తున్నా, చూడు ఎంత పెరిగాయో!" అని చూపించింది. నిజంగానే పెరిగాయి. అది బైమటోప్రాస్ట్, నీటికాసుల జబ్బుకి వాడే మందు. ఆ రోగులకి రెప్పలు పొడుగవడం గమనించి, 2008లో అమెరికాలో రెప్పల కోసమే విడిగా అనుమతించారు. ఫలితం పూర్తిగా కనపడడానికి పదహారు వారాలు పడుతుంది, మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కళ్లు ఎర్రబడొచ్చు, రెప్పల చర్మం నల్లబడొచ్చు, కళ్లు లోపలికి పోయినట్టు కనపడొచ్చు. కొందరికి కనుపాప రంగే మారుతుంది, అది మళ్లీ పోకపోవచ్చు. డాక్టరు రాసివ్వాల్సిన మందు, పార్లరు వాళ్లు సలహా ఇచ్చేది కాదు. ఆ మాటే మెల్లగా చెబితే ఆవిడ "మా షాపబ్బాయి మంచిదన్నాడు" అని సీసా మళ్లీ బ్యాగులో పెట్టుకుంది. ఆముదం సంగతి అడుగుతారేమో. రెప్పలు పెరుగుతాయని రుజువులేమీ లేవు గానీ మా అత్తగారి నమ్మకాన్ని కదిలించే ధైర్యం నాకు లేదు.

అక్కడ కూర్చున్న నాలుగు రోజుల్లో నేను గమనించిందేమిటంటే, "ఏది మంచిది?" అని అందరూ అడుగుతారు, "నా కంటికి ఏది?" అని ఎవరూ అడగరు. అది పార్లరావిడే చూసి చెప్పాలి. ఒక టీచరమ్మ వచ్చింది. పొడుగైన రెప్పలే, తిన్నగా ముందుకొచ్చి కళ్లజోడు అద్దాలకి తగిలి మరకలు చేస్తున్నాయి. ఆవిడకి అతికించేదేముంది, పైకి వంచితే చాలు. ఇంకో అమ్మాయికి ఒక రెప్పలో ఒక్కచోటే వెంట్రుకలు రాలి, అక్కడ చిన్న గడ్డలా ఉంది. దాన్ని కప్పేయమంటుంది. మా ఆడపడుచు చెయ్యే వెయ్యలేదు. "ముందు కంటి డాక్టరుకి చూపించుకో, ఇవాళే వెళ్లు" అని డబ్బు తీసుకోకుండా పంపేసింది. అలాంటి చోట కొన్నిసార్లు కేన్సరు కూడా ఉండొచ్చని తర్వాత నాతో మెల్లగా అంది. ఈ సంగతి దానికి ఏ కిట్టు కాగితమూ చెప్పలేదు. పద్నాలుగేళ్లుగా మొహాలు చూస్తున్న అనుభవం.

చివరికి లిఫ్ట్ కిట్టు ఒక్కటే కొంది. ట్రైనింగుకి వెళ్లొచ్చింది. మొదటి కస్టమరు ఆ టీచరమ్మే. ఎక్స్‌టెన్షన్ల మీద ఆశ పోలేదు దానికి. ఏసీ పెట్టించాక చూస్తానంటోంది. చూడనివ్వండి, చెయ్యి తిరిగినది.

నేను బయల్దేరే ముందురోజు సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చారు. తలకి స్కార్ఫు కట్టుకున్నారు. కీమోథెరపీ అయిపోయి మూడు నెలలట. వారంలో చిన్నకూతురి పెళ్లి. "తలకి విగ్గు పెట్టుకుంటానమ్మాయ్. ఈ బోడి కళ్లకి ఏదన్నా చెయ్యగలవా?" అన్నారు. రెప్పల మీద నూగులాంటి వెంట్రుకలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అతికించడానికి ఆధారమే లేదు. లిఫ్టు మందుకి ఆ లేత వెంట్రుకలు ఆగవు. స్ట్రిప్ జిగురైనా ఆ చర్మానికి పడుతుందో లేదో, డాక్టర్ని అడగందే వద్దంది మా ఆడపడుచు. తర్వాత కొత్త పెన్సిలు ఒకటి చెక్కి, రెప్ప అంచు వెంబడి చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ, వేలితో కాదు, దూదిపుల్లతో మెల్లగా అద్దింది. పది నిమిషాలు పట్టింది. దూరం నుంచి చూస్తే అచ్చం రెప్పలున్నట్టే ఉంది.

ఆవిడ అద్దం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు.

"అప్పగింతలప్పుడు ఏడిస్తే కారిపోదూ?"

"కారితే కారనివ్వండి పిన్నిగారూ. నేను అక్కడే ఉంటాగా, మళ్లీ దిద్దుతాను."